పాట ఎవరి పేరున?

పరుగు... పరుగు!

చీకటి పడింది. వాన. ఆమె చెప్పు తెగింది. దాన్ని అక్కడే వదిలేసి సందులోకి తిరుగుతుంది.

వెనక బైక్. హెల్మెట్ తీయని మనిషి. లాయర్ ఆఫీసు దగ్గర్నుంచీ వెంటపడుతున్నాడు.

అంతా ఒక్క పాట కోసం!

పెద్ద మ్యూజిక్ డైరెక్టర్ కదా అని నమ్మి వినిపించింది. "చూద్దాంలేమ్మా" అన్నాడు. చూశాడు! తన పేరేసుకుని సినిమాలో పెట్టేసుకున్నాడు. పెద్దమనిషి!

కానీ వినిపించడానికి ముందే ఆమె కాపీరైట్ రిజిస్ట్రేషన్‌కి పెట్టింది. సర్టిఫికెట్ ఇవాళే వచ్చింది. రేపు కోర్టులో కేసు.

రేపటిదాకా బతికుంటే!

అదిగో, అన్నయ్య స్టూడియో. పాత షెడ్డులో ఒక్క గది. చప్పుడు బయటికి పోకుండా గోడల నిండా స్పాంజి అతికించింది అన్నయ్యే.

"అన్నయ్యా! తలుపు తియ్యి!"

తలుపు తెరుచుకుంటుంది. ఆమె లోపలికి తూలి పడుతుంది.

"గడియ పెట్టు... చంపేస్తాడు!"

అన్నయ్య కదలడు.

హెల్మెట్ తాపీగా లోపలికొస్తాడు. గడియ అతనే పెడతాడు. చేతిలో పిస్టల్!

"ఇక్కడికే వస్తుందని కరెక్ట్‌గా చెప్పావ్ బాస్" అంటాడు అన్నయ్యతో.

ఆమె గోడ దాకా వెనక్కి జరుగుతుంది.

"నన్ను చంపితే ఏమొస్తుందిరా? పాట రిజిస్టరైపోయింది!"

"తెలుసు. నీ తర్వాత ఆ హక్కు ఎవరికి? పెళ్లి లేదు, అమ్మానాన్నల్లేరు. మీ అన్నకే! ఆయన మాకు రాసిచ్చేస్తాడు."

అన్నయ్య తలెత్తడు.

"ఇన్నేళ్లుగా వాయిస్తున్నా. ఎక్కడా నా పేరు లేదు. తెర మీద వేస్తామన్నారమ్మా..."

ఆమెకు నవ్వొస్తుంది. ఏడుపూ వస్తుంది. తడి చేత్తో ఫోన్ తీసి, సర్టిఫికెట్ ఫొటో తెరిచి అన్నయ్య ముఖం ముందు పెడుతుంది.

"చదువు!"

సాహిత్యం... ఆమె పేరు.

సంగీతం... అన్నయ్య పేరు!

"అమ్మ పోయినప్పుడు నన్ను నిద్రపుచ్చడానికి ఒక కూనిరాగం తీసేవాడివి. ఆ ట్యూనే ఇది. ఆ మధ్య రిజిస్ట్రేషన్ కాగితాల మీద సంతకం పెట్టమంటే, ఏంటని కూడా అడక్కుండా పెట్టేశావ్. కేసు గెలిచాక చెబుదామనుకున్నా..."

అన్నయ్య తన పేరు మళ్లీ చదువుకుంటాడు. సొంత ట్యూన్‌నే గుర్తుపట్టలేకపోయాడు. ఛీ, ఏం బతుకు!

గబుక్కున చెల్లెలికి అడ్డంగా నిలబడతాడు.

"నేను రాసివ్వను. అది నా పాట! ఫో బయటికి!"

హెల్మెట్ ఫోన్ కలుపుతాడు.

"సార్... ఓనర్లు ఇద్దరంట."

వింటాడు.

"అలాగే సార్."

ఫోన్ జేబులో పెట్టుకుని అన్నయ్య వైపు తిరుగుతాడు.

"చెల్లి పోతే నీకు. నువ్వు పోతే చెల్లికి." హెల్మెట్ లోపల చిన్న నవ్వు. "ఇద్దరూ పోతే... అడిగేవాడే లేడంటగా!"

ఆమె కెవ్వుమంటుంది. అన్నయ్య అతికించిన స్పాంజి ఆ కేకను బయటికి పోనివ్వదు.

ఢాం!

...ఢాం!