గోడలో కూర్చున్న మనిషి

ఫోనులో కుర్చీ మళ్ళీ జరిగింది. ఫోను దిద్దడానికి కేంద్రం నుంచి వచ్చిన వకుళ దాన్ని స్టాండు మీంచి తీసి బల్ల చుట్టూ నెమ్మదిగా తిప్పింది. తెరమీద బల్ల అంచుల వెంట గురుతుచుక్కలు ఒక్కొక్కటే మొలిచి, స్టీలు పళ్ళెం దగ్గరకు రాగానే చెదిరిపోయాయి. మెరిసే వస్తువు మీద ఫోనుకు చూపు ఆనదు. తెల్లగోడైతే ఉన్నట్టే తెలియదు. పట్టుకోవడానికి దానికి ఒక మరక, ఒక మూల, ఒక గీత కావాలి. అవి దొరికితేనే బొమ్మ నిలవడానికి పాదు కుదురుతుంది. పాదు కుదిరితేనే ఎదుటిమనిషి బొమ్మ కుర్చీలో నిలుస్తుంది.

"నిన్న మజ్జిగన్నం దగ్గరికొచ్చేసరికి సగం మనిషి గోడలో ఉందమ్మాయ్. చెయ్యొకటే బయటికొచ్చి అన్నం కలుపుతోంది. నాకు ముద్ద దిగితే ఒట్టు," అంది ఆ ఇంటావిడ మాణిక్యాంబ.

ఆవిడ బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల పేర్లు చదివి రిటైరైన మనిషి. ఇంట్లో మాట్లాడినా ప్లాట్‌ఫారం మీదున్న వాళ్ళందరికీ చెబుతున్నట్టే ఉంటుంది. ఇంట్లో ఆ గొంతు వినేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. కాకినాడ సముద్రపు ఒడ్డున ఈ మేడలన్నీ ఒంటివాళ్ళ కోసం కట్టినవే. మనిషికొక గది, ఒక వంటిల్లు, అన్నీ ఒకే అచ్చులో పోసినవి. ఒంటిగా తినేవాళ్ళు క్రమంగా తినడం మానేస్తున్నారని పొత్తు అనే ఏర్పాటు మొదలైంది. భోజనం వేళకు ఫోను ఎదురుగా ఇంకొకరిని కూర్చోబెడుతుంది. అక్కడ వాళ్ళ ఫోనులో మనం కూర్చుంటాం. ఊరు అడగకూడదు, చెప్పకూడదు. ఎవరైనా నోరుజారితే ఆ ఒక్క మాటను ఫోనే మింగేస్తుంది.

మాణిక్యాంబకు పొత్తు కుదిరిన మనిషి జుబేదా. ఆరేళ్ళుగా ఇద్దరూ కలిసే తింటున్నారు. కూరలో ఉప్పెక్కువైతే మొహం చూసి కనిపెట్టేటంత చనువు వచ్చింది. ఇది మూడో ఫిర్యాదు. మూడోసారీ పాదు కుదరకపోతే పొత్తు తెంచి, ఇంకెవరినో తెచ్చి కూర్చోబెడతారు. ఆ సంగతి వకుళ ఇందాకే చెప్పింది. మాణిక్యాంబ అప్పటినుంచీ పొయ్యిగట్టు తుడుస్తూనే ఉంది.

వకుళ కిటికీ తెర సగం వేసింది. ఎండ తగ్గింది గానీ తెరమీద జుబేదా కుర్చీ నీడ మాత్రం ఎండ వచ్చే వైపే పడింది. ఫోను పొయ్యికి దగ్గరగా ఉండి వేడెక్కిందని దూరం జరిపింది. అయినా ఖాళీ కుర్చీ ఆకారం చూస్తుండగానే గోడవైపు జారింది. ఎప్పుడూ ఆ గోడవైపే. తడబడే ఫోను అయితే ఒకసారి ఇటూ ఒకసారి అటూ జార్చాలి.

ఆమె అవతల జుబేదా వంటింటి చుక్కలపటం కూడా తెరిచింది. అదే గట్టు, అదే కిటికీ, కాకపోతే కుడిఎడమలు మారాయి. బల్లమీద గుడ్డకూడా ఇదే. క్రితంసారి తనే ఈవిడకు చెప్పింది, కింద కొట్లో పూల గుడ్డ కొనుక్కోండి, ఫోనుకు చుక్కలు దొరుకుతాయని. ఆ కొట్లో ఉన్నది ఒకే రకం పువ్వులు. అవతలావిడకు కూడా ఎవరో అదే సలహా ఇచ్చినట్టున్నారు. అంటే అవతలావిడ కొన్నదీ ఆ కొట్లోనే.

అప్పుడే కుక్కరు కూత వినిపించింది, గోడ అవతలినుంచి. ఒక రెప్పపాటు తరవాత అదే కూత ఫోనులోంచి వచ్చింది. పొత్తులో తినేవాళ్ళు ఎప్పుడూ ఇయర్‌ఫోన్లు పెట్టుకునే ఉంటారు కనుక గోడ చప్పుడు ఇద్దరిలో ఎవరూ ఏనాడూ వినలేదు. పైగా ఈవిడ వాకిలి తూర్పు మెట్ల మీదికి, అవతలావిడది పడమటి మెట్ల మీదికి. లిఫ్టులు కూడా వేరే.

ఫోను తప్పేమీ చేయలేదు. మనిషి ఎక్కడుందో అక్కడికి లాగుతోంది.

వకుళ వాకిట్లోకి వెళ్ళి, కేంద్రం పని ఇంటినుంచే చూసే తన పైఅధికారి ఇమ్మానుయేలుకు ఫోను చేసి సంగతంతా చెప్పింది. ఆయనా ఒంటివాడే, పొత్తులోనే తింటాడు. పక్కపక్కన ఉన్నవాళ్ళను కలిపితేనే బొమ్మ తడబడకుండా అందుతుందని, ఇందులో వింతేమీ లేదని ఆయన అన్నాడు. వాళ్ళకు తెలిస్తే పొత్తు ఎవరికి కావాలని అడిగాడు. కుదరకపోతే తెంచెయ్యమన్నాడు. చెబితే మాత్రం ఉద్యోగం ఉండదన్నాడు.

మాణిక్యాంబ రెండు గ్లాసుల్లో నీళ్ళు పోసి, ఒకటి ఖాళీ కుర్చీ ముందు పెట్టింది. తర్వాత ఎంతో మెల్లిగా, "ఇంకొకరైతే మళ్ళీ మొదట్నించీ చెప్పుకోవాలి కదమ్మా, నాకేం పడదో," అంది.

వకుళ తెరకేసి చూసింది. కింద దిద్దడానికి నొక్కే గుర్తులు రెండున్నాయి. 'చెదిరింది' అన్నది ఎప్పుడూ వాడేదే. 'నిజస్థానం' అంటే ఉన్నచోటే చూపించమని, అది గట్లకు, బీరువాలకు, కదలని సామానుకు వాడతారు. మనుషులకు ఎవరూ వాడలేదు. దిద్దేవాళ్ళు వేలు పెట్టిన ప్రతి దిద్దుబాటూ అన్ని ఫోన్లకూ పాఠమవుతుందని ఆమెకు తెలుసు. తెలిసే నిజస్థానం మీద వేలు నొక్కింది.

జుబేదా పళ్ళెంతో సహా కుర్చీలో ప్రత్యక్షమైంది, వెంటనే గోడలోకి సాగిపోయి అవతల ఆగింది. ఫోను గోడను చీల్చి కిటికీలా చూపించింది.

"ఏమే, గోడలో కూర్చున్నావేంటి?" అంది మాణిక్యాంబ.

"నేనెక్కడ కూర్చున్నాను? నువ్వే గోడలో ఉన్నావు," అంది జుబేదా.

ఈపూట చెవుల్లో ఇయర్‌ఫోన్లు లేవు. గోడలోంచి ఒక జుబేదా గొంతు, ఫోనులోంచి ఇంకో జుబేదా గొంతు. మాణిక్యాంబ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆవిడ గోడ చూసింది, ఫోను చూసింది, చివరికి వకుళ మొహం చూసింది. 

"పడమటి మెట్లకు ఎలా వెళ్ళాలమ్మాయ్?"

కిందికి దిగి వెనకనుంచి తిరిగి వెళ్ళాలని వకుళ చెప్పింది. మాణిక్యాంబ పళ్ళెం చేత్తో పట్టుకుని, తలుపు వెయ్యడం కూడా మరిచిపోయి వెళ్ళిపోయింది.

వకుళ ఫోను మోగింది. ఊరంతా ఎదుటిమనుషులు కుర్చీలు వదిలి పోతున్నారని ఇమ్మానుయేలు అన్నాడు. కొందరు గోడల్లోకి, కొందరు కిటికీ బయటికి. కొందరు మాత్రం చాలా దూరం వెళ్ళి చుక్కలైపోతున్నారు. వెనక్కి తిప్పాలంటే దిద్దిన మనిషి వేలే కావాలి.

"వేలు పెట్టు వకుళా. ఇంకా ఆలస్యం చెయ్యకు."

"మీ మనిషి ఎటెళ్ళారు సార్?"

ఆయన వంగి చూస్తున్నట్టు గొంతు దూరమైంది.

"నేలలోకి," అన్నాడు. "కింది అంతస్తు. తలెత్తి నాకేసే చూస్తోంది."

 ఆయన మళ్ళీ వేలు పెట్టమనలేదు. కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడు, తలుపు గడియ తీసిన చప్పుడు, ఆ తరవాత మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించాయి. ఫోను మాత్రం ఆయన బల్లమీదే ఉండిపోయినట్టుంది. ఖాళీ గదిలో తిరుగుతున్న ఫ్యాను శబ్దాన్ని వకుళ ఇంకొకరి వంటింట్లో నిలబడి వింటూనే ఉంది.