గద్రే సారు ఫొటోలో నల్లనీడ

కాతళ్‌వాడి గుట్టమీది పాత డాక్ బంగళా పక్కనుంచి పొద్దుగూకాక ఎవరూ నడవరు. అక్కడ హడళ్ ఉందంటారు... కాళ్లు వెనక్కి తిరిగిన ఆడదెయ్యం. వెనకనుంచి పేరు పెట్టి పిలుస్తుందట. పలికినవాడు మళ్లీ ఇల్లు చేరడట. మరి ఈ సంగతి ఊళ్లోకొచ్చి చెప్పిందెవరు అని మాత్రం అడక్కండి.

బంగళా దారిలో అయితే పైవాడ జనం అరగంటలో ఊళ్లోకి దిగొచ్చు. చీకటి పడితే మాత్రం వాగు చుట్టూ తిరిగి రెండు గంటలు నడుస్తారు. మొన్న వానాకాలంలో తేలు కుట్టిన పిల్లను, మందాను, అలాగే చుట్టు తిప్పి ఆసుపత్రికి తెచ్చారు. పిల్ల చావుతప్పి బయటపడింది. ఆ మాట చెవినబడ్డ రోజునుంచి మాధవ్ గద్రే సారుకు అన్నం సహించలేదు.

గద్రే సారు సాతారాలో ఫిజిక్సు పాఠాలు చెబుతాడు. ఆదివారాలు ఊరూరా తిరిగి దెయ్యాల్లేవని ఉపన్యాసాలిస్తాడు. అమావాస్య వస్తే టెలిస్కోపు జీపులో వేసుకుని చుక్కల ఫొటోలు తీస్తాడు. అందుకే ఆ బంగళా వాకిట్లోనే రాత్రంతా ఉండి కృత్తికల ఫొటో తీసి, దాన్ని ఊరి బళ్లో తెరమీద చూపిస్తానని మాటిచ్చాడు. ఆ తర్వాత జనం ఆ దారిన నడవాలి. అదీ ఆయన పంతం.

రెండు అమావాస్యలు గడిచాయి. ఫొటోలో ఒక్క చుక్కా గుండ్రంగా రాలేదు. అన్నీ బియ్యపుగింజల్లా సాగి... బంగళా పొగగొట్టం వైపే వాలి ఉన్నాయి.

"చుక్కల్ని కూడా లాగుతోంది సారూ," అన్నాడు ఊరి కావలివాడు ధోండూ మామ, గొంతు తగ్గించి.

కుముద్ తాయి మాత్రం నవ్వింది. తాయి అంటే అక్క. ఆవిడకి సాతారాలో కళ్లజోళ్ల కొట్టుంది. చుక్కల పిచ్చిలో గద్రేకన్నా పదేళ్లు సీనియరు.

"హడళ్ కాదు, నీ బిగింపు. పైన కట్టావే చిన్న టెలిస్కోపు, అది ఒక చుక్కని చూస్తూ యంత్రాన్ని నడుపుతోంది. ఆ చిన్నది వెంట్రుకవాసి జారితే పెద్దదాంట్లో బొమ్మ సాగుతుంది. కాపలావాణ్ణి పక్కింట్లో కూర్చోబెడితే నీ ఇల్లేం కాస్తాడు? ఆఫ్-ఏక్సిస్ గైడర్ పెట్టుకో. అది పెద్ద టెలిస్కోపులోంచే అంచు వెలుతురుని పట్టకంతో పక్కకి తీసుకుని ఇంకో చిన్న కెమెరాతో చూస్తుంది."

"ఏది కొనను తాయీ?"

"సన్నటిది. లావుదైతే కెమెరా దూరం జరిగి ఫొటో అంచులు చెడతాయి. ఇంకో మాట, పగలే బిగించు. దూరపు కరెంటు స్తంభం రెండు కెమెరాల్లోనూ స్పష్టంగా కనబడ్డాకే గుట్టెక్కు."

"ఇరవై రెండేళ్లుగా పట్టకం పాఠం చెబుతున్నాను తాయీ..."

"పాఠమేగా!"

సన్నటిదే కొన్నాడు. కానీ బిగించింది మాత్రం మార్గశిర అమావాస్యనాడు, గుట్టమీద, పొద్దుగూకాక. పెద్ద చదువులు చదివినవాళ్లకి చెబితే వినే అలవాటు ఎక్కడిది?

తోడొచ్చిన కుముద్ తాయి జొన్న భాకరీ, శనగపిండి పిఠ్లా తిని, వరండాలో దుప్పటి కప్పుకుని పడుకుంది. గద్రే సారు నుదుట ఎర్రదీపం కట్టుకుని, ల్యాప్‌టాప్ తెర వెలుతురు బయటికి పోకుండా నల్లగొంగడి నెత్తిన కప్పుకుని కూర్చున్నాడు.

గైడర్‌కి చుక్క దొరకలేదు. పట్టకాన్ని కాస్త లోపలికి తోశాడు. లేదు. ఇంకాస్త తోశాడు... దొరికింది!

పది నిమిషాల మొదటి ఫొటో తెరమీదికొచ్చింది. చుక్కలు ఆవగింజల్లా గుండ్రంగా ఉన్నాయి. ఆయన గుండె ఉప్పొంగింది.

అంతలో కింది అంచున... ఏదో నిలబడి ఉంది.

నల్లగా. తల, భుజాలు... ముసుగేసుకున్న మనిషిలా.

మబ్బేమోలే అనుకున్నాడు. ఇంకోటి తీశాడు. ఉంది... అక్కడే ఉంది. టెలిస్కోపుని మృగశిర వైపు తిప్పాడు. అక్కడా ఉంది. ఉత్తరానికి తిప్పాడు—

ఎటు తిప్పితే అటే వచ్చింది.

దెయ్యాల్లేవు, దెయ్యాల్లేవు అని లోలోపల ఉపన్యాసం మొదలుపెట్టాడు. నోరు మాత్రం ఎండిపోయింది.

సరిగ్గా అప్పుడే వెనకనుంచి... నిద్రమత్తులో, నెమ్మదిగా...

"మాధవ్..."

అంతే! "చుక్క దొరికిందా?" అని తాయి అడిగిన మిగతా మాట వినడానికి గద్రే సారు అక్కడ లేడు.

కుముద్ తాయి లేచొచ్చి తెర చూసింది, నవ్వుకుంది. పట్టకం ఫొటోకి అడ్డంగా వచ్చి తన నీడే వేసుకుంటోంది మరి! మరలు వదులు చేసి దాన్ని అంచుకి లాగింది. నీడ మాయమైంది. అంచున మరో చుక్క వెతికి, తెల్లవార్లూ ఆవిడే ఫొటోలు తీసింది. పొద్దున గద్రే సారు బంగళా దారినే ఎక్కొచ్చి, చాయ్ కోసం వెళ్లానన్నాడు. చేతిలో చాయ్ లేదు.

ఆదివారం బడి నిండా జనం. తెల్లదుప్పటి మీద కృత్తికలు నీలిపొగలో మెరిసిపోతున్నాయి.

"చూశారా? అమావాస్య రాత్రంతా అక్కడే ఉన్నాను. ఏ హడళూ రాలేదు!"

ధోండూ మామ లేచి చేతులు కట్టుకున్నాడు.

"మీ మాట కాదనను సారూ. కానీ ఆ రాత్రే నేను కళ్లారా చూశాను. గుట్టమీంచి దిగింది... నుదుట ఎర్రటి ఒంటికన్ను. నల్లటి రెక్కలు. కాళ్లు నేలకి తగల్లేదు. ఆయీ, ఆయీ అని అమ్మకోసం ఏడుస్తూ వాగు దాటిపోయింది."

బళ్లో జనం ఒకళ్లకొకళ్లు దగ్గరగా జరిగారు. కుముద్ తాయి కళ్లజోడు తీసి తుడుచుకోసాగింది. ముందు వరసలో మందా, వాళ్లమ్మ కొంగు పట్టుకుని కూర్చుంది.

నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది. ఆ పిల్ల మాత్రం మళ్లీ చుట్టు తిరిగే రావాలి. గద్రే సారుకి సిగ్గుతో తల వాలిపోయింది.

"మామా... అది నేనే. భయపడి పారిపోయాను."

ధోండూ మామ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. చూపు బొజ్జమీద కాసేపు ఆగింది. కళ్లు చెమ్మగిల్లాయి.

"దేవుడిలాంటివారు సారూ మీరు. మా భయం పోవాలని మీ పరువే తీసుకుంటున్నారు. కానీ ఆ వేగం నేను చూశాను కదా. అది మనిషి వేగం కాదు."

జనమంతా అవునవునని తలలూపారు.

"కాదంటారా? రండి, చూపిస్తాను!" అంటూ గద్రే సారు చొక్కా చేతులు మడిచి బడి మైదానంలోకి దూకాడు. ఊరంతా చూస్తుండగా పరుగందుకున్నాడు.

ఇరవయ్యో అడుగున డొక్క పట్టుకుని కూలబడ్డాడు. మందా చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఊరికి మిగిలిన ఆ కాస్త అనుమానమూ దాంతో తీరిపోయింది.