తడి వేలు

పళ్ల డాక్టరు దగ్గర సహాయకురాలిగా చేరిన కొత్తలోనే ఆ అమ్మాయికి ‘దూది’ అని పేరు పడిపోయింది. ఎప్పుడు చూసినా చేతిలో ఓ దూది ఉండ ఉండాల్సిందే. రోజంతా ఎవరెవరి నోళ్లలోనో వేళ్లు పెట్టి, ఉమ్మి తుడిచి, చీము తుడిచి, ఇంటికి రాగానే మోచేతుల దాకా సబ్బు రుద్దుకునేది. ఎంగిలంటే ఒళ్లు జలదరింపు. తన గ్లాసులో ఎవరైనా గుక్కెడు నీళ్లు తాగారంటే ఇక ఆ గ్లాసు వంక చూసేది కాదు.

ఇంట్లో ఉండేది తనూ, అమ్మమ్మా. అమ్మమ్మకి చూపు పోయి చాలా కాలమైంది. ఒకప్పుడు చేతిలో పుస్తకముంటే పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా తలెత్తేది కాదట. పెళ్లికి ముందు ఒక నవల సగం చదివింది. చదవడానికి ఎరువిచ్చిన వాళ్లొచ్చి అంతలోనే పట్టుకుపోయారు. ఆ మిగతా సగం ఆవిడ గుండెలో ముల్లులా ఉండిపోయింది.

“కథలో ఆ పిల్ల ఏట్లో దూకిందో, ఇంటికెళ్లిందో తెలుసుకోకుండానే పోతానేమోనే,” అనేది మనవరాలితో.

ఒక ఆదివారం మధ్యాహ్నం బయట ముసురు పట్టి ఉంది. దూది మంచం పక్కన కుర్చీ వేసుకుని ఫోన్‌లో వెతుకుతూ కూర్చుంది. పాత సాహిత్యమంతా నెట్‌లో ఉచితంగా దొరుకుతోందని క్లినిక్‌కి వచ్చిన ఒకావిడ చెప్పింది. వెతగ్గా వెతగ్గా ఆ నవలా దొరికింది.

“అమ్మమ్మా! నీ పుస్తకం!”

ముసలావిడ లేచి కూర్చుంది. “నిజంగానా? ఎంత కట్టాలే?”

“పైసా అక్కర్లేదు. ఎవరో పుణ్యం కట్టుకుని పాత పుస్తకాలన్నీ ఫొటోలు తీసి పెట్టారు.”

“ఎవరమ్మా ఆ మహాతల్లి?”

“తల్లో తండ్రో నాకేం తెలుసు? బొటనవేలు మాత్రం కనిపిస్తోంది,” అంది దూది నవ్వుతూ.

నిజమే. పురుగు కొట్టిన పచ్చటి కాగితాలు, అంచుల్లో చెమ్మ మరకలు, ప్రతి పేజీలోనూ కింది మూల ఒక బొటనవేలు. ఫొటో తీసేటప్పుడు పుస్తకాన్ని అదిమి పట్టుకున్న వేలు. గోరు మందంగా, పసుపు రంగుకి తిరిగి ఉంది. దూది ముక్కు చిట్లించి, ఆ మూలకి చూపు పోకుండా చదవడం మొదలుపెట్టింది. అమ్మమ్మ ఆగిపోయిన చోటు నుంచే. ఆ పిల్ల చీకట్లో ఏటి గట్టుకి నడిచి వస్తున్న చోటు నుంచి.

కొన్ని పేజీలయ్యాక అమ్మమ్మ అడ్డొచ్చింది.

“ఎంగిలి పడదంటావు, మళ్లీ నాలిక మీద వేలు తడిపి మరీ తిప్పుతున్నావేంటే?”

“నేనెక్కడ తడిపాను? ఇది ఫోను, అమ్మమ్మా. ఇలా తోస్తే చాలు.”

“మరి పేజీ పేజీకీ ఆ చప్పుడేంటి? చప్... అని.”

వానలే అనుకుంది దూది. మళ్లీ చదివింది. కానీ ఈసారి చూపు దానంతటదే మూలకి జారింది. ఆ వేలు మెరుస్తోంది. ఇందాక పొడిగా ఉన్న వేలు. తర్వాతి పేజీలో ఆ వేలికీ కాగితానికీ మధ్య సన్నటి తీగ సాగి ఉంది. జిగురు తీగ. అలాంటిది దూది రోజూ చూస్తుంది, రోగులు నోరు తెరిచినప్పుడు పెదవికీ పెదవికీ మధ్య.

వాసన కూడా వచ్చింది. కుళ్లిన చిగుళ్ల వాసన. ఏళ్ల తరబడి కదలని కట్టుడు పన్ను ఊడదీసినప్పుడు గుప్పుమంటుందే, అది. లేచి చేతులు కడుక్కుని వచ్చింది. తిరిగొచ్చి పట్టుకుంటే ఫోన్ అద్దం వేలికి అతుక్కుంది. స్పిరిట్‌లో దూది ఉండ ముంచి తుడిచింది. ఆ ఉండ పసుపుపచ్చగా మారింది.

“ఇవాళ్టికి ఆపేద్దాం, అమ్మమ్మా.”

“అయ్యో, గట్టు మీద నిలబెట్టి ఆపుతానంటావేంటే! ఇంకో రెండు పేజీలు చదువు, తల్లీ. ఎన్నేళ్లు కాచుకున్నానో నీకు తెలీదు.”

ఆ మొహం చూసి కాదనలేకపోయింది. చదివింది. వేలు మూలలో లేదిప్పుడు. పేజీ మధ్యకి వచ్చేసింది. అక్షరాల మీద పడుకుని ఉంది. చర్మం నీళ్లలో నానిన శవానికున్నట్టు తెల్లగా, ముడతలు ముడతలుగా ఉబ్బి ఉంది. గోరు మొదట్లోంచి లేచి, కింద ఎర్రటి మెత్తదనం కనిపిస్తోంది. దూది కక్కు మింగుకుని, వేలు కప్పిన మాటలు వదిలేసి, తక్కినవి చదివింది.

చప్...

పేజీ తిరిగింది.

దూది ముట్టుకోలేదు.

కొత్త పేజీలో వేలు లేదు. ఎక్కడా లేదు. కాగితం శుభ్రంగా ఉంది. హమ్మయ్య అనుకుని ఊపిరి పీల్చుకుంది. రెండు వాక్యాలు చదివిందో లేదో, అమ్మమ్మ వైపు నుంచి ఊఁ కొట్టడం ఆగిపోయింది.

“అమ్మమ్మా?”

ముసలావిడ మొహం పైకెత్తి ఉంది. నోరు సగం తెరిచి ఉంది. ఒక బుగ్గ ఉబ్బింది... తగ్గింది... రెండో బుగ్గ ఉబ్బింది. లోపల ఏదో తిరుగుతున్నట్టు.

“అమ్మమ్మా! ఏంటది?”

“ష్...” మాట ముద్దముద్దగా వచ్చింది. “తడుపుకోనీ... ఆవిడ నోట్లో తడి అయిపోయిందట...”

“ఎవరావిడ?”

“నా పక్కన కూర్చుందిగా.”

మంచం ఆ పక్క ఖాళీ. కానీ దుప్పటి కిందికి కుంగి ఉంది.

దూది ఫోన్‌ని గోడకేసి కొట్టింది. అద్దం పగిలింది. లైటు వేసి, చేతులకి తొడుగులేసుకుని, అమ్మమ్మ గడ్డం పట్టుకుని నోరు తెరిచింది. బోసి చిగుళ్ల వెనక ఏదో మెత్తగా తగిలింది. రెండు వేళ్లతో లాగింది. నమిలి నమిలి ముద్దయిన కాగితం. పచ్చటిది, పాతది. కంపు కొడుతోంది. దాని మీద ఇంకా కొన్ని అక్షరాలు. లాగింది... వచ్చింది. మళ్లీ లాగింది... మళ్లీ వచ్చింది. ఆ ఇంట్లో కాగితం పుస్తకం ఒక్కటి కూడా లేదు.

నోరు ఖాళీ అయ్యాక అమ్మమ్మ తృప్తిగా పెదాలు నాక్కుంది.

“ఆ పిల్ల దూకలేదే. ఆవిడే చెప్పింది.” తర్వాత చిన్నపిల్లలా గొంతు తగ్గించి, “ఇంకాస్త పెట్టమనవే,” అంది.

దూది బాత్‌రూమ్ దాకా కూడా వెళ్లలేకపోయింది. గుమ్మంలోనే వాంతి చేసుకుంది.

ఆ రాత్రి అమ్మమ్మ జావ వద్దంది. మర్నాడూ వద్దంది. బతిమాలినా, తిట్టినా, ఏడ్చినా పెదవి విప్పలేదు. కానీ చిక్కిపోలేదు. లోతుకు పోయిన బుగ్గలు నిండుతూ వచ్చాయి. జాకెట్టు చేతులు బిగుతయ్యాయి. భయం పట్టలేక దూది ఆవిణ్ణి తను పని చేసే చోటికే తీసుకెళ్లింది. డాక్టరు అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

“పెద్దావిడ దిట్టంగా ఉంది. ఏం పెడుతున్నావేంటమ్మా?”

కుర్చీలో అమ్మమ్మ వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, నెమ్మదిగా నములుతూనే ఉంది.