పిండి కట్టిన రెక్క

అమావాస్య మిట్టమధ్యాహ్నం... సూర్యుడు నడినెత్తిన ఉన్నా కూరెకుప్ప మీద కాటుకలాంటి చీకటి! గనుల ఎర్రదుమ్ము తాగిన మేఘాలు ఫెళఫెళమని ఉరుముతున్నాయి. ఊరి చివర రేకుల షెడ్డులో తనూజ చేతిలో హెయిర్ డ్రయ్యర్ బుసకొడుతోంది... ఎదురుగా తెల్ల గుడ్లగూబ! మాంసం తీసేసిన ఉత్త ఈకల చర్మం!

నెత్తురు మరకల్ని సబ్బునీళ్ళతో కడిగింది. కొవ్వు వదలడానికి పెట్రోల్లో ముంచింది. తడి పీల్చడానికి మొక్కజొన్న పిండి చల్లి, ఈకల్ని ఎదురు దువ్వుతూ ఆరబెడుతోంది. చచ్చిన పక్షుల్ని బతికున్నట్టు నిలబెట్టడమే ఆమె పని. కానీ ఈ గూబ నిలబడితే చాలదు... బతకాలి! మూలన కపాలం ముందు, కళ్ళు తేలేసి ఊగిపోతున్న చెల్లెలు అక్షత ఊపిరితో!

"బేగ కానీమ్మే!" మాంత్రికుడు హులిగప్ప గర్జించాడు. "నోటితో ఊదితివా, సూడు! ఈ గూబ మీద ముందు ఎవరి ఊపిరి పడితే వాళ్ళ పానం దీనిది. నాకు నీ చెల్లెలిదే కావాల!"

"దాన్ని ఇడిసిపెట్టు సామీ, నీ కాళ్ళు మొక్కుతా!"

"ఇడుస్తా... పాడె మీద!"

డ్రయ్యర్ ఆగితే చాలు, అక్షత మెడలో వాడు కట్టిన నల్లదారం దానంతటదే బిగుసుకుంటుంది! "అక్కా... అక్కా..." ఆ పిల్ల కీచుగొంతు గుండెల్ని కోస్తోంది. తనూజ తల తిప్పలేదు. తిప్పితే చెయ్యి ఆగుతుంది...

అప్పుడు గుర్తొచ్చింది! మంత్రాలకు ముందు వీడు సిరుగుప్ప సంతలో కోళ్ళ బేరగాడు. కోడి చేతికొస్తే ఈకలు ఊది, కింద తోలు చూడందే ధర చెప్పేవాడు కాదు!

రెక్క కింద పిండిని కావాలనే గడ్డ కట్టనిచ్చింది.

"ఆరినట్టే ఉండాది సామీ. రెక్క కిందే అనుమానం. నువ్వే సూడు... పిట్టల బేరంలో నీయంత మొనగాడు యాడుండాడు?"

"ఏందే, ఎగతాళా?" అని కసిరాడు గానీ, వాడి ఛాతీ పొంగింది. గూబను లాక్కున్నాడు. రెక్క ఎత్తాడు. పిండి గడ్డ కనబడింది...

"ఉఫ్!"

అంతే! పిండి పొగలా లేచింది. వాడి గుడ్లు వెళ్ళుకొచ్చాయి. వదిలిన ఊపిరి వెనక్కి రాలేదు! గూబ పీలుస్తోంది... ఇంకా... ఇంకా! దాని రొమ్ము పొంగేకొద్దీ వాడి చెంపలు లోపలికి పోయాయి, డొక్క వెన్నుకి అంటుకుంది!

"వద్దు తల్లీ... ఇడ్సు..."

గూబ ఖాళీ కంటిగుంతల్లో నిప్పులు వెలిగాయి. పిడుగు! కపాలం పగిలింది, పైరేకు ఎగిరింది, గూబ ఆ సందులోంచి ఆకాశంలోకి లేచిపోయింది. నేల మీద హులిగప్ప... ఉత్త తోలు!

డ్రయ్యర్ విసిరేసి తనూజ చెల్లెల్ని వాటేసుకోబోయింది. అక్షత వెనక్కి జరిగింది.

"ముట్టుకోవద్దక్కా. అంతగనం పిలుస్తాంటే ఒక్కతూరన్నా నా పక్క సూడ్లేదు. పిట్టకి పిండి పూస్తా కూసుంటివి!"

"ఆ దారం... నీ మెడకాడ దారం ఉన్నింది పాపా..."

"ఏ దారం? యాడుండాది?"

తనూజ మోకాళ్ళ మీద పడి నేలంతా వెతికింది. పిండిలో దారమంత సన్నటి బూడిద గీత... వేలు తగలగానే అదీ చెదిరిపోయింది.

తలెత్తేసరికి, అక్షత ఎర్రటి వానలో నడిచిపోతోంది.