తీసేశామన్న గొంతు

ఆ ఆఫీసులో గొంతులు దాస్తారు. వినడానికి వింతగా ఉన్నా, చేసే పని మాత్రం చప్పగా ఉంటుంది. ఎవరో ఒకరు వచ్చి, కిటికీల్లేని చిన్న గదిలో మైకు ముందు కూర్చుని, ఇచ్చిన వాక్యాలు చదివి వెళ్తారు. వాటిని ముక్కలుగా కోసి, ఏ ముక్కలో ఏ శబ్దం ఉందో రాసి, దగ్గులూ ఊపిరి చప్పుళ్ళూ ఏరి పారేసి, డేటాబేసులో పెడతారు. భాష మీద పరిశోధన చేసేవాళ్ళు అందులో వెతుక్కుంటారు. మాట్లాడే యంత్రాలు చేసేవాళ్ళు అందులోంచే మాటలు అల్లుకుంటారు. ఆ కోత పనిలో ఆరితేరిన మనిషి అక్క. ఆఫీసులో అందరూ ఆమెను అక్క అనే పిలిచేవాళ్ళు. ఇంట్లో నిజంగానే ఒక చెల్లెలుంది కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం.

చెల్లెలు ఒట్టి వసపిట్ట. ఆ పిల్ల నోరు మూయించడం ఎవరి తరమూ కాలేదు. గొంతులో కణితి వచ్చాక డాక్టర్ల తరమైంది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడ మీద ఊపిరికి రంధ్రం పెట్టి, దానికో గొట్టం అమర్చి, కళ్ళె అడ్డుపడకుండా చూసుకోమని చెప్పి పంపించారు. పలక మీద రాసి చూపించడం మొదట్లో సరదాగానే ఉండేది. కొన్నాళ్ళకి పలక మంచం కిందికి చేరింది. తిండి తగ్గింది. పొద్దస్తమానం గోడకేసి తిరిగి పడుకునేది. అమ్మా నాన్నా లేని ఇంట్లో మిగిలింది ఇద్దరే. అందులో ఒకరు ఇలా రాయైపోతే రెండోవాళ్ళు ఎవరికోసం బతకాలి?

అందుకని డేటాబేసంతా గాలించింది. చెల్లి గొంతుకి దగ్గరగా ఉన్నది ఒక్కటే దొరికింది, ఓ లెక్కల టీచరుది. సెలవులన్నీ ధారపోసి, ఓపిగ్గా కూర్చుని చదివి వెళ్ళిన మనిషి. ఎక్కడా తడబాటు లేదు. ఆ వాక్యాలతోనే చెల్లి కోసం అరచేతిలో పట్టేంత పెట్టె ఒకటి తయారు చేయించడం మొదలుపెట్టింది. అక్షరాలు నొక్కితే చాలు, అది పలుకుతుంది.

సగం పని అయిందో లేదో, ఆ టీచరే ఆఫీసుకి వచ్చింది.

“నా గొంతు తీసెయ్యండమ్మా,” అంది. ఆ మాట కూడా గీరుకుపోయి, సగం గాలిగా వచ్చింది.

“ఏమైందండీ?”

“మీ దగ్గర చదివినప్పట్నుంచీ తగ్గిపోతోంది. క్లాసులో రెండో బెంచీ దాకా కూడా పోవట్లేదు. డాక్టరేమో అంతా బాగానే ఉందంటాడు. మీరు నన్ను పిచ్చిదనుకున్నా సరే... నాది నాకిచ్చెయ్యండి.”

ఇష్టం లేదన్నవాళ్ళ గొంతు తీసెయ్యాలి. అది ఆఫీసు నియమం. కానీ ఆ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతి ఇంకొకటుంది. డేటాబేసులో ‘తొలగించు’ అని నొక్కితే ఏదీ పోదు. దాని పక్కన ‘లేదు’ అని ఒక గుర్తు పడుతుంది, అంతే. వెతికేవాళ్ళకి కనిపించదు గానీ ఉండాల్సింది ఉన్నచోటే ఉంటుంది. పొరపాటున నొక్కితే వెనక్కి తెచ్చుకోవడానికని పెట్టుకున్న ఏర్పాటది. నిజంగా చెరపాలంటే ఆ తర్వాత పనిగట్టుకుని ఇంకోసారి చెరపాలి.

అక్క గుర్తు పెట్టింది. టీచరు కళ్ళముందే వెతికి, ఏమీ దొరకలేదని తెర చూపించింది.

“తీసేశామండీ. నిశ్చింతగా వెళ్ళండి.”

టీచరు ఆమె చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిడ మెట్లు దిగకముందే అక్క మళ్ళీ పనిలో పడింది. చెరపలేదు. చెరిపే ఉద్దేశమూ లేదు. అవతల ఎవరో టీచరు, ఇవతల తోడబుట్టింది. ఇందులో ఆలోచించడానికేముంది?

పెట్టె తయారైంది. దానిమీద చెల్లి నొక్కిన మొదటి మాట, “కూరలో ఉప్పు లేదే అక్కా.” ఇద్దరూ పగలబడి నవ్వారు, తర్వాత ఒకళ్ళని పట్టుకుని ఒకళ్ళు ఏడ్చారు. ఇల్లు మళ్ళీ ఇల్లయింది. చెల్లి కూరగాయలవాడితో బేరాలాడేది. పక్కింటి పిన్నితో గంటలకొద్దీ ఊసులు చెప్పేది. అక్కతో అయినదానికీ కానిదానికీ తగువు వేసుకునేది. ఆ తగువులంటే అక్కకి ప్రాణం.

ఒకరోజు ఆఫీసులో రికార్డింగు ఆపరేటరు టీ తాగుతూ చెప్పాడు.

“ఆ లెక్కల టీచరు పోయిందట, తెలుసా?”

“ఎలా?”

“బాత్రూంలో జారిపడింది. కాలు విరిగింది, అంతే. చచ్చిపోయేంత దెబ్బేం కాదట. గోడవతల మనుషులున్నారు. పిలవడానికి గొంతేదీ? ఎప్పటికో తలుపు విరగ్గొట్టి చూస్తే, పాపం, నోరు తెరుచుకునే ఉందట.”

అక్కకి టీ దిగలేదు. ఆ సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టగానే పెట్టె పలికింది. “ఇంత ఆలస్యమేంటే?” నొక్కింది చెల్లే, ఎప్పుడూ అడిగే మాటే. అయినా అక్క పెట్టె వైపు చూడలేకపోయింది.

అప్పట్నుంచే మొదలైంది. పెట్టె మాట్లాడేముందు చిన్నగా గాలి పీల్చుకునేది. టీచరు ఊపిరి చప్పుళ్ళన్నీ అక్క తన చేత్తోనే కోసి పారేసింది. అవి అందులో ఉండే వీల్లేదు. ఇంకొన్నాళ్ళకి వాసన... తడిసిన నేలది, పాచిపట్టిన బకెట్టుది. పెట్టె ఎక్కడ పెడితే అక్కడ.

ఓ రోజు చెల్లి గిన్నెలు తోముతోంది. రెండు చేతులూ సబ్బు నురగలో ఉన్నాయి. అలమరలో ఉన్న పెట్టె గాలి పీల్చుకుంది.

“ఎవరైనా ఉన్నారా?”

మెల్లగా, మర్యాదగా అడిగింది. చెల్లి అక్క వైపు తిరిగి, నేను కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

“రేపు తీసుకెళ్ళి బాగుచేయిస్తా,” అంది అక్క.

చెల్లి తడి చేతులతోనే పెట్టె లాక్కుని గుండెకి హత్తుకుంది. గబగబా నొక్కింది. “ముట్టుకున్నావంటే ఊరుకోను. మళ్ళీ మూగదాన్ని చేస్తావా?”

“కొన్నాళ్ళేనే. ఇంకో గొంతు చూస్తా.”

“ఒక్క పూట కూడా వద్దు. భయమేస్తే చెవులు మూసుకో.”

మాట అయిపోయాక కూడా పెట్టె ఊపిరి తీస్తూనే ఉంది.

సెలవు రోజు మధ్యాహ్నం, చెల్లి భోంచేసి నిద్రపోయింది. అక్క ఆమె దిండు పక్కనుంచి పెట్టె మెల్లగా తీసి సంచిలో వేసుకుంది. చెబితే ఒప్పుకోదని చెప్పలేదు. వీధి తలుపు దగ్గరికి లాగితే, దానంతటదే గడి పడింది.

బయట ఎండ దంచేస్తోంది. ఆఫీసు బోసిగా ఉంది. చెరిపే అధికారమున్న కంప్యూటరు రికార్డింగు గదిలోనే ఉంటుంది. ఆ గదికి పగలూ రాత్రీ ఒకటే. గోడలనిండా నల్లటి స్పాంజి. తలుపు వేసుకుంటే లోపలి కేక బయటికి పోదు, బయటి పిలుపు లోపలికి రాదు. లైటు నొక్కితే వెలగలేదు. తెర వెలుతురులోనే కూర్చుని, పెట్టెలో ఉన్నది కూడా చెరిగిపోయేలా దానికి తీగ తగిలించింది. పాత స్పాంజి వాసనలోకి మెల్లగా ఆ తడి వాసన వచ్చి చేరింది.

‘లేదు’ గుర్తున్న వాక్యాలన్నిటినీ తెర మీదికి రప్పించింది. శాశ్వతంగా చెరపమంటావా అని కంప్యూటరు అడిగింది.

ఒళ్ళో పెట్టె గాలి పీల్చుకుంది.

“ఇప్పుడా?”

అక్క వేలు ఆగిపోయింది.

“అప్పుడే అడిగాను కదమ్మా...”

“తప్పయిపోయిందండీ,” అంది అక్క. “మా చెల్లి కోసమని...”

“మీ చెల్లి...” గుసగుస. “ఇంట్లో ఒక్కతే ఉందా?”

ఊపిరి. ఈసారి పెట్టెలోంచి కాదు. వెనకనుంచి... మెడ మీద... చల్లగా, తడిగా.

అక్క నొక్కేసింది.

వాక్యాలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. మాయమయ్యేదాన్నల్లా పెట్టె చదువుతోంది... తొందర తొందరగా... ఒకదాని మీద ఒకటి... అరుపులా... ఏడుపులా... ఉన్నట్టుండి ఆగిపోయింది.

“సరే,” అంది. “నేనే వెళ్తాలే.”

తెర ఖాళీ అయింది. వాసన పోయింది. లైటు దానంతటదే వెలిగింది. అక్క పెట్టె మీద అక్షరాలు నొక్కి చూసింది. ఉలుకూ పలుకూ లేదు. పీడ వదిలిందనుకుంది. చెల్లి నాలుగు రోజులు అలుగుతుంది, బతిమాలుకుంటే సరిపోతుంది. దారి పొడుగునా ఆ బతిమాలడం గురించే ఆలోచిస్తూ ఇంటికి నడిచింది.

ఇంటిముందు జనం ఉన్నారు. తలుపు విరిగి పక్కకి వాలి ఉంది. పక్కింటి పిన్ని ఎదురొచ్చి అక్కని పట్టుకుంది. ఆవిడ భుజం మీదుగా లోపల మంచం పక్కన నేల మీద చెల్లి కాళ్ళు కనిపించాయి.

“గొట్టం పూడుకుపోయిందటే తల్లీ. ఊపిరాడక గోళ్ళతో గోడంతా గీకేసింది...”

“నీకు... నీకు వినపడలేదా పిన్నీ?”

“ఎందుకు వినపడలేదూ! గోడ మీద దబదబా కొట్టింది. పరిగెత్తుకొచ్చి తలుపు తట్టా. ‘ఏం లేదు పిన్నీ, మంచం జరుపుతున్నా’ అంది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ వచ్చా. ‘అక్క వచ్చేస్తోంది, మీరు వెళ్ళండి’ అంది.”

అక్క సంచిలో చెయ్యి పెట్టి పెట్టె బయటికి తీసింది. పిన్ని దాన్ని చూసింది, కాదన్నట్టు తల ఊపింది.

“ఆ పెట్టె గొంతు నాకు తెలీదుటే? అది కాదు. మీ చెల్లి సొంత గొంతు. ఆపరేషన్‌కి ముందు ఎలా మాట్లాడేదో, అచ్చం అలాగే. పిల్లకి గొంతొచ్చేసిందని నేనూ సంబరపడి వెళ్ళిపోయానే... కూర పొయ్యి మీద పెట్టుకున్నా. అంతలో మళ్ళీ పిలిచింది.”

“ఏమని?”

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఒళ్ళు అప్పటికే చల్లబడిపోయిందన్నాడే డాక్టరు. కానీ పిలిచింది. నవ్వుతూ పిలిచింది. ‘ఇక రండి పిన్నీ, అయిపోయింది’ అని.”