భోజనానికి పిలిచే సమాధి

తిరువూరు నుంచి పెనుగొలను వైపు పోయే రోడ్డులో కమాండర్ గారి మామిడితోట ఒకటుంది. చీకటి పడిందంటే బళ్లవాళ్లు అక్కడ హారన్ కూడా కొట్టరు... సమాధికి మెలకువ వస్తుందని!

రోడ్డు వారనే ఉంటుంది ఆయన సమాధి. తెల్లగా సున్నం, మీద లంగరు బొమ్మ. తలవైపు నేలలోంచి మోకాలెత్తు లేచిన ఇత్తడి గొట్టం, గరాటు లాంటి మూతి. రాత్రి భోజనాల వేళకి ఆ గొట్టం పిలుస్తుందట—

"ఏవండీ... అన్నం వడ్డించాను... రండి..."

పత్తి లోడుతో పోతున్న ఒకాయన ఆ పిలుపు విని, ట్రాక్టరు అక్కడే వదిలేసి పరుగో పరుగు. మగదెయ్యం 'ఏవండీ' అనడమేంటని ఎవరో అడిగితే, "నేవీ ఆఫీసరండీ! చచ్చినా మర్యాద తప్పుతాడా?" అని టీకొట్టు దగ్గర తేల్చేశారు.

కమాండర్ యేసుదాసు గారంటే మాటలా మరి! ఈ చుట్టుపక్కల సముద్రం మొహం చూసినవాళ్లే లేని రోజుల్లో, కూలికెళ్లే తల్లి కొడుకు ఓడ ఇంజన్ల చదువు చదివాడు. యుద్ధనౌక కడుపులో కూర్చుని దాన్ని నడిపించాడు. ఈ ప్రాంతం నుంచి ఆ పని చేసిన మొదటి మనిషి ఆయనే. రిటైరయ్యాక ఈ తోట కొనుక్కున్నాడు, ఇక్కడే కన్నుమూశాడు.

అలాంటి చోటికి, కరెంటు పోయిన ఒక రాత్రి, జోజిబాబు ఒక్కడే నడిచొచ్చాడు. లెక్కల మేష్టారు. కమాండర్ గారి మనవరాలు షైని అంటే ప్రాణం. "రాత్రి భోజనానికి రమ్మను, చూస్తాను. నచ్చకపోతే మాత్రం నూజివీడు సంబంధం ఖాయం చేస్తాను" అని షైని మామ్మ పుల్లమ్మగారు కబురు పెట్టింది. ఈ ఒక్క పూటతో అటో ఇటో తేలిపోవాలి. పాపం, బండి దార్లోనే పంక్చరైంది.

ప్రార్థన చేసుకుంటూ నడుస్తున్నాడు. మధ్యలో పదమూడో ఎక్కం దొర్లుతోంది. సమాధి దగ్గరికి వచ్చేసరికి కాలు వేరుకి తగిలి... సరిగ్గా గొట్టం మీదే బోర్లా పడ్డాడు. మూతికి మూతి!

"ఏవండీ... అన్నం వడ్డించాను... రండి..."

ఎవరైనా కేకేస్తారు, మూర్ఛపోతారు. మనవాడు మర్యాదస్తుల ఇంట్లో పుట్టాడాయె! అన్నానికి పిలిస్తే ఏమనాలో చిన్నప్పట్నుంచీ నేర్పారు. నోరు దానంతటదే అనేసింది—

"ఇప్పుడే... తిన్నానండీ... మీరు కానివ్వండి!"

అని, తోటలోంచి అడ్డంపడి ఒకటే పరుగు.

తోట మధ్యలో, కమాండర్ గారి ఇంట్లో లాంతరు వెలుగుతోంది. వంటింట్లో పుల్లమ్మగారు నడుంమీద చెయ్యేసుకుని రుసరుసలాడుతోంది. షైని మొహం పాలిపోయి ఉంది.

"తాతయ్య పలికారంట," అని గుసగుసగా చెప్పింది.

"ఇన్నేళ్లుగా పిలుస్తున్నాను!" అంది పుల్లమ్మగారు. "ఒక్కనాడు ఊ అన్న పాపాన పోలేదు. ఇవాళ పలికి ఏమన్నాడో తెలుసా? తిన్నాడంట! ఎవరింట్లో తిన్నాడు?"

అప్పుడు చూశాడు జోజిబాబు. పొయ్యి పక్క గోడలో ఇంకో ఇత్తడి గొట్టం! ఓడలో పైనుంచి కెప్టెన్ కింద ఇంజన్ గదికి కబురు చెప్పే గొట్టం లాంటిదే. రోడ్డు వార ఒకప్పుడు కమాండర్ గారి రిపేరు షెడ్డు ఉండేదట. అన్నానికి పిలవడానికి ఆయనే నేలలోంచి వేశాడు. అటు చివర ఊదితే ఇటు మూతకున్న ఈల మోగుతుంది, మూత తీసి మాట్లాడుకోవాలి. పోయేముందు, ఆ షెడ్డు ఉన్న చోటే తనని పూడ్చమని అడిగాడు.

"పిలవకుండా నేనెట్లా తినేది? అలవాటు," అంది పుల్లమ్మగారు. మళ్లీ కోపం ముంచుకొచ్చింది. "చచ్చిన మొగుణ్ణే నమ్మలేకపోయాను, బతికున్న కుర్రాణ్ణి నమ్మి పిల్లనిస్తానా? సంబంధం లేదు, ఏమీ లేదు! వెళ్లిరా నాయనా."

షైని కళ్లలో నీళ్లు తిరిగాయి. జోజిబాబు ఇక ఆగలేకపోయాడు.

"మామ్మగారూ... ఆ మాటన్నది నేనే."

జరిగిందంతా చెప్పేశాడు. ఆవిడ కోపం చప్పున చల్లారిపోయింది. మొహం చూస్తే మాత్రం కోపమే నయమనిపించింది.

"అంటే... ఆయన కాదా?" అంది.

అబద్ధం చెప్పినా బావుండేదేమో అని జోజిబాబు కుమిలిపోయాడు. ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుని, "కూర్చో. అన్నం చల్లారిపోతోంది," అంది. ఒప్పుకున్నట్టా, సాగనంపినట్టా? ఏమీ తెలియలేదు. వడ్డించి ఉన్న పళ్లెం ముందు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. ముద్ద కలిపాడు...

కీ...

గోడలో ఈల మోగింది.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బయట తోటంతా చీకటి. మళ్లీ మోగింది... ఈసారి విసుగ్గా.

పుల్లమ్మగారు మెల్లగా వెళ్లి మూత తీసింది. ఎక్కడో లోతునుంచి దగ్గు. తర్వాత ఒక ముసలి గొంతు—

"పుల్లమ్మా... ఇవాళ కూరేంటి?"

జోజిబాబు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆవిడ మాత్రం జుట్టు సవరించుకుని, రోజూ మాట్లాడినట్టే గొట్టంలోకి వంగింది.

"గోంగూర రొయ్యలండీ! మీ పళ్లెం పెళ్లికొడుక్కి పెట్టేశాను, మీకు ఇంకోటి కడుగుతున్నా... రండి."

మూత పెట్టి వెనక్కి తిరిగింది.

"షైనీ, పెరటి తలుపు తియ్యమ్మా."