మహాంతేశ్ చొక్కా జేబు

“ఈ రేకుల కింద మనుషులు పనిచేస్తరా, మిరపకాయ బజ్జీలు వేగుతయా?” షాపు గుమ్మంలోనే నిలబడి అడిగింది సుప్రీత.

మహాంతేశ్ వెల్డింగ్ ఆపి తలెత్తాడు. “రాండ్రి సిస్టర్. మీరొస్తె జర చల్లగైతది.”

నవ్వే ఓపిక లేదామెకు. రాయచూరులో ఎండ నలభై నాలుగు దాటి పది రోజులైంది. పొద్దున బస్తీ దవాఖానాలో వడదెబ్బ కేసులు, మధ్యాహ్నం ఇల్లిల్లూ తిరిగి ఓఆర్ఎస్ పొట్లాలు పంచడం. నర్సులకూ ఒళ్లుంటుందని ఎవరికీ గుర్తులేదు.

“పన్నెండు నుంచి నాలుగు దాకా పని బంద్ పెట్టమన్న గదా?”

“పెడితె ఈ గేట్లు ఎవలు జేస్తరు? ఫికర్ జెయ్యకుండ్రి, అమ్మ ఉల్లిగడ్డ ఇచ్చింది.” జేబు తట్టి చూపించాడు.

“ఉల్లిగడ్డ జేబుల పెట్టుకుంటె వడదెబ్బ ఆగదు. నిన్నటి పొట్లం తాగిన్రా?”

“ఆఁ, తాగిన.”

ఆ అబద్ధం నాలుగో రోజు బయటపడింది. షాపు యజమాని జంబన్న మహాంతేశ్‌ను ఆటోలో దవాఖానాకు వేసుకొచ్చాడు. ఒళ్లు కాలిపోతోంది, మాట తడబడుతోంది. తడిగుడ్డలు కప్పుతూ సుప్రీత అతణ్ణి పేరుపెట్టి పిలుస్తూనే ఉంది. ఇన్ని కేసులు చూసింది, ఎన్నడూ ఇంత భయపడలేదు.

చొక్కా విప్పితే జేబులోంచి ఉల్లిగడ్డ దొర్లింది. దాని వెనకే నాలుగు పొట్లాలు. ఒక్కటీ చింపలేదు. ఒక్కోదాని మీద పెన్నుతో తారీఖు రాసుంది.

గంటకు ఒళ్లు చల్లబడి, అతను తెలివిగా మాట్లాడాకే ఆమెకు కోపం వచ్చింది.

“పిచ్చోడా! ఒక్కటన్న తాగొద్దా?”

“మీ చేత్తోని ఇచ్చినవి. చింపబుద్ధి గాలె.”

సుప్రీత ఒక పొట్లం చించి, లీటరు సీసాలో కలిపింది.

“అయ్యో, అది మొదటి దినంది!”

“నువ్వు బతికుండు. దినాం నేనే కలిపిస్త, ముసలోళ్లమయ్యే దాక!”

అనేశాక గానీ ఏమన్నదో తెలియలేదు. జంబన్న గొంతు సవరించుకుని, ఆటోవాడితో ఏదో పనుందంటూ బయటికి నడిచాడు.

మహాంతేశ్ సగం తాగి ఆగాడు. ఆమె ఎండిన పెదవుల వంక చూసి సీసా ముందుకు చాపాడు. “పొద్దటి సంది నువ్వేమన్న తాగినవా?”

పది రోజులుగా ఊరందరినీ ఆమె అడుగుతున్న ప్రశ్న అది. ఆమెను అడిగిన మొదటి మనిషి ఇతనే. సుప్రీతకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“ఒక్క గుక్కనే. మిగతాదంత నువ్వు తాగాలె,” అంటూ సీసా అందుకుంది.